ఆటోనగర్ లారీ పెయింటర్ చేతిలో నా మస్టాంగ్, నా హరికేన్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు రంగులేసే ఒక షెడ్డులో నా రెండు బొమ్మ యుద్ధ విమానాలకు ఫినిషింగ్ చేయించాను. రెండూ రెండో ప్రపంచ యుద్ధం నాటివి, ఒకటి అమెరికా మస్టాంగ్, ఇంకోటి బ్రిటన్ హరికేన్. మెటల్ బఫింగ్‌కి, అంటే చక్రంతో మెరుగు పట్టడానికి, పదికి తొమ్మిదిన్నర ఇస్తాను. మెరుపు లేని మ్యాట్ పెయింట్‌కి ఆరు, అదీ మొహమాటానికి. షాపు పేరు రాయడం లేదు. కాస్త తిట్టేది ఉంది కాబట్టి ఒకటి, ఇది చదివి జనం ఎగబడితే నా తర్వాతి పని వెనక్కి పోతుందని రెండోది.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే ఈ మార్కులకి విలువ ఉండదు. మాది వన్‌టౌన్‌లో గిన్నెల కొట్టు. స్టీలు, సత్తు, ఇత్తడి, రాగి. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు మెరిసే లోహం మధ్యే నా బతుకు. ఏ గిన్నెకి పాలిష్ సరిగ్గా పట్టించారో, దేనికి పిడి కింద పట్టించకుండా వదిలేశారో చేత్తో ఒకసారి తిప్పితే తెలిసిపోతుంది. యుద్ధ విమానాల పిచ్చి కూడా ఈ దారినే పట్టుకుంది. 1940 జూలైలో బ్రిటన్‌లో విమానాల ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ఆ దేశపు ఆడవాళ్లని మీ ఇళ్లలో సత్తు గిన్నెలు, పెనాలు ఉంటే ఇచ్చేయండి, వాటితో స్పిట్‌ఫైర్లు, హరికేన్లు తయారు చేస్తాం అని అడిగాడు. అది చదివిన దగ్గర్నుంచి కొట్లో డేగిశాల వరసని మామూలు కళ్లతో చూడలేకపోతున్నాను. మా ఆవిడకి చెబితే, "మన సరుకు మాత్రం ఎవరికీ ఉద్దరగా ఇవ్వకండి" అంది.

విమానాలు రెండూ రేకు పని బాగా తెలిసిన మా పాత మేస్త్రీ ఒకాయన చేసిపెట్టాడు. చెక్క అచ్చు మీద అల్యూమినియం రేకు తొడిగి, సన్న రివెట్లు కొట్టాడు. అసలుదానిలో పన్నెండో వంతు సైజు. పి-51డి మస్టాంగ్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 37 అడుగులు. నాది మూడడుగుల ఒక్క అంగుళం. హరికేన్‌వి 40 అడుగులు కాబట్టి అది ఇంకో మూడంగుళాలు పెద్దది. బీరువాలో పట్టవు, ఆటోలో అడ్డంగా పట్టవు. మా తమ్ముడి ట్రాలీలో పాత బొంతలు పరిచి తీసుకెళ్లాం.

షెడ్డులోకి వెళ్లగానే అక్కడ పనిచేసే కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న: "గురువుగారూ, ఇది ఎగురుద్దా?" ఎగరదు అన్నాను. ఆ మాటతో వాడికి సగం గౌరవం పోయింది. పెయింటింగ్ మేస్త్రీ మాత్రం మాట్లాడకుండా మస్టాంగ్‌ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో రివెట్ల వరస మీద ముక్కు నుంచి తోక దాకా రాశాడు. తర్వాత, "మొత్తం అద్దంలా తీసి, పైన క్లియర్ (రంగులేని పూత) కొట్టేద్దామా, లేకపోతే ఎక్కడ మెరవాలో, ఎక్కడ మెరవకూడదో మీరు చెబుతారా?" అన్నాడు. ఈ షాపుకి నేను ఇచ్చిన మార్కుల్లో సగం ఆ ఒక్క ప్రశ్నకే. అంతకుముందు బెంజ్ సర్కిల్ వైపు కార్లకి డిటెయిలింగ్ చేసే ఏసీ షాపులో అడిగితే, "సిరామిక్ కోటింగ్ వేద్దాం సార్, మూడేళ్లు గ్యారంటీ" అన్నారు. విమానం ఏదని కూడా అడగలేదు.

ఎక్కడ మెరవకూడదు అన్నదే మస్టాంగ్‌లో అసలు మజా. 1943 ఆఖర్లో అమెరికా సైన్యం తన యుద్ధ విమానాల్లో చాలావాటికి రంగు వేయించడం మానేసింది. అప్పటిదాకా పైన ఆలివ్ ఆకుపచ్చ, అడుగున బూడిద రంగు. ఆకాశంలో పైచేయి తమదయ్యాక దాక్కోవాల్సిన అవసరం తగ్గింది. రంగు లేకపోతే బరువు తగ్గుతుంది, వేగం కొద్దిగా పెరుగుతుంది, ఫ్యాక్టరీలో ఒక పని తప్పుతుంది. 1944 ఫోటోల్లో మస్టాంగులు, బి-17 బాంబర్లు తళతళలాడుతూ కనిపించేది అందుకే. అయితే మస్టాంగ్ ఒళ్లంతా వట్టి లోహం అనుకుంటే పొరపాటు. దాని రెక్కని గాలి సుళ్లు తిరగకుండా నున్నగా జారిపోయేలా డిజైన్ చేశారు. ఒక రివెట్ తల పైకి లేచినా, రెండు రేకుల మధ్య సందు ఉన్నా ఆ ప్రయోజనం పోతుంది. అందుకని ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగంలో రివెట్లు, అతుకులు పుట్టీతో పూడ్చేసి, గరుకు పేపర్ పట్టి, ప్రైమర్ కొట్టి, పైన వెండి రంగు వేసేవాళ్లు. అంటే ఒడలు వట్టి రేకు, రెక్కలు వెండి పెయింటు. దూరం నుంచి రెండూ ఒకటే. దగ్గరికెళితే అస్సలు ఒకటి కావు.

ఇదంతా చెబితే మేస్త్రీకి మింగుడు పడలేదు. "రేకు ఇంత బాగుంటే దాని మీద పుట్టీ పెట్టి వెండి రంగు కొట్టమంటారేంటి గురువుగారూ? తుప్పు పట్టిన డోర్లకి చేసే పని అది." రివెట్ తల గాలిని ఎంత పట్టేస్తుందో చెప్పడానికి బఠానీ బద్దల కథ చెప్పాను. స్పిట్‌ఫైర్ తయారు చేసేటప్పుడు దాని ఇంజనీర్లు, అన్ని చోట్లా నున్నటి రివెట్లు పెడితే ఖర్చు ఎక్కువ కదా, ఎక్కడెక్కడ తప్పదో తేల్చుకుందాం అని, నున్నటి రివెట్ల మీద ఎండు బఠానీ బద్దలు ఒక్కొక్కటే జిగురుతో అంటించి ఎగరేశారు. అన్ని చోట్లా బద్దలుంటే గంటకి 22 మైళ్ల వేగం పడిపోయింది. తర్వాత వరసలు వరసలుగా బద్దలు పీకేస్తూ, ఎక్కడ తేడా లేదో అక్కడ మామూలు బొడిపె రివెట్లు వాడుకున్నారు. మేస్త్రీ పగలబడి నవ్వాడు. కుర్రాడు మాత్రం, "పప్పు తర్వాత ఏం చేశారు?" అన్నాడు. ఇంతవరకు నాకు తోచని ప్రశ్న.

ఇక బఫింగ్. షెడ్డు వెనక బఫింగ్ మెషిన్ ఉంది, అది నడిపేది మేస్త్రీ బావమరిది. నా రేకు పల్చన. చక్రం ఒకేచోట కాసేపు నిలిపితే వేడెక్కి ఉబ్బుతుంది, మళ్లీ సరి చేయలేం. ఆయన ప్రతి రెండు మూడు లాగుళ్లకి ఒకసారి ఆగి, వేలి వెనక భాగంతో రేకుని ముట్టుకుని చూశాడు. వేడి తగిలితే ఆ చోటు వదిలేసి తోక పట్టుకున్నాడు, అది చల్లారేలోపు ఇది. ఒడలికి 400 పేపర్‌తో మొదలుపెట్టి 2000 దాకా నీళ్లతో పట్టి, తర్వాత గుడ్డ చక్రం, కాంపౌండ్. అల్యూమినియం పాలిష్ తెలిసినవాళ్లకి తెలుసు, ముందు అంతా నల్లగా జిడ్డు కక్కుతుంది, పని చెడిపోయిందేమో అని టెన్షన్ పుడుతుంది. మైదాపిండి చల్లి మెత్తటి గుడ్డతో తుడిచాక కింద నుంచి తెల్లటి మెరుపు బయటికొచ్చింది. మస్టాంగ్ పొట్ట కింద రేడియేటర్‌కి గాలి తీసుకునే నోరు ఒకటి ఉంటుంది. దాని లోపలి అంచుకి చక్రం అందదు. అక్కడ పుల్లకి గుడ్డ చుట్టి చేత్తో పట్టించాడు. ఎవరూ చూడని చోటు అది, ఆయన వదిలేసినా నేను అడిగేవాణ్ని కాదు.

ఎంత మెరుపు అన్నదాని మీద మా ఇద్దరికీ చర్చ నడిచింది. ఈ రోజుల్లో ఎయిర్ షోల ఫోటోల్లో పాత మస్టాంగులు మొహం చూసుకునేలా ఉంటాయి. అది ఇప్పటి యజమానులు గంటలకి గంటలు పట్టించిన పాలిష్. యుద్ధంలో అవి అలా లేవు. నూనె మరకలు, బూట్ల గీతలు, రన్‌వే దుమ్ము. పైగా విమానాల రేకుని ఇష్టమొచ్చినట్టు అరగదీయకూడదు. బలమైన రేకులో రాగి కలుస్తుంది, అది గాలికి, తేమకి తొందరగా పాడవుతుంది. అందుకని 1927లో ఆల్కోవా కంపెనీ ఆల్‌క్లాడ్ అనే రేకు తెచ్చింది. మధ్యలో బలమైన మిశ్రమ లోహం, రెండు పక్కలా పల్చగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర. పాలిష్ ఎక్కువైతే కాపాడే ఆ పొరే పోతుంది. నా బొమ్మ రేకులో ఆ పొర లేదు, అరిగినా నష్టం లేదు. అయినా యుద్ధకాలపు మెరుపే కావాలన్నాను. దాంతో ఆయన ఒక పని చేశాడు. కొన్ని పలకల్ని అద్దం దాకా తీసుకెళ్లాడు, పక్క పలకని 1000 పేపర్ దగ్గరే ఆపేశాడు, ఇంకో రెండింటికి పేపర్ గీత అడ్డంగా కాకుండా నిలువుగా లాగాడు. అసలు విమానాల్లో కూడా ఒక్కో రేకు ఒక్కో ఛాయలో ఉంటుంది, రేకు రకాన్ని బట్టి, అది ఫ్యాక్టరీలో ఎటు సాగిందో దాన్ని బట్టి. ఇప్పుడు నా మస్టాంగ్‌ని ట్యూబ్‌లైట్ కింద చేత్తో మెల్లగా తిప్పితే, ఒక పలకలో ఎదురు కొట్టు బోర్డు తలకిందులుగా కనిపిస్తుంది, పక్క పలకలో వట్టి తెల్లటి పొగమంచు, రెక్క మీదకొచ్చేసరికి పాల మీగడ రంగు వెలుతురు మాత్రమే. తొమ్మిదిన్నర ఇచ్చింది దీనికే. ఆ అర మార్కు తోక కింద ఒక రివెట్ తలని చక్రం తినేసినందుకు.

కాక్‌పిట్ ముందు, ముక్కు పైభాగంలో ఆలివ్ ఆకుపచ్చ మ్యాట్ పట్టీ వేయించాను. పాలిష్ చేసిన లోహం మీద ఎండ పడి పైలట్ కళ్లలో కొట్టకుండా ఉండేందుకు అసలు విమానాలకీ అది ఉంటుంది. చిన్న పట్టీ కాబట్టి బాగానే వచ్చింది. పెద్ద పనిలోనే తేలిపోయారు, దాని దగ్గరికి వస్తున్నాను.

ముందు మస్టాంగ్ మీది చారల సంగతి. 1944 జూన్ 6న నార్మండీ తీరం మీద దిగే ముందు, మన వాళ్లనే మన వాళ్లు కాల్చకుండా మిత్రపక్షాల విమానాలకి తెలుపు, నలుపు చారలు వేశారు. మూడు తెలుపు, రెండు నలుపు. ఒంటి ఇంజను విమానాలకి ఒక్కో చార 18 అంగుళాలు, అంటే నా సైజులో సరిగ్గా అంగుళంన్నర. రహస్యం బయటపడకూడదని ఆఖరి రెండు మూడు రోజుల్లో హడావుడిగా, చేతికి దొరికిన బ్రష్షులతో పూశారు. ఫోటోల్లో చూస్తే అంచులు వంకర టింకరగా ఉంటాయి. షెడ్డులో లారీలకి నంబర్లు, దేవుడి పేర్లు రాసే ఆర్టిస్టు ఉన్నాడు, చెయ్యి తిరిగినవాడు. అంచు కొంచెం వంకరగా రావాలి బాబూ అంటే ఆయనకి రాదే! చెయ్యి దానంతటదే తిన్నగా పోతుంది. రెండుసార్లు చెరిపించాక బ్రష్ కుర్రాడికిచ్చాం. ఎగరదని నన్ను చిన్నచూపు చూసినవాడు నాలుక బయటపెట్టి మరీ వేశాడు. అచ్చం నేననుకున్నట్టు వచ్చింది. ఆర్టిస్టు మాత్రం అది తన పని కాదని అందరికీ చెబుతున్నాడట.

హరికేన్‌ని మన వైమానిక దళం గుర్తుగా చేయించుకున్నాను. బర్మా యుద్ధంలో మనవాళ్లు ఎక్కువగా నడిపిన ఫైటర్ అదే. 1944లో ఇంఫాల్ పోరులో నంబర్ 1 స్క్వాడ్రన్‌ని నడిపిన అర్జన్ సింగ్‌కి డీఎఫ్‌సీ అనే బ్రిటిష్ శౌర్య పతకం ఆ హరికేన్ల మీదే వచ్చింది. 1965 యుద్ధంలో వాయుసేనాధిపతి ఆయనే. సరుకు కోసం ఢిల్లీ వెళ్లినప్పుడు పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో నిలబెట్టిన హరికేన్‌ని చూశాను. అప్పటినుంచి మనసులో ఉంది.

దీనికి పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు. రెక్కల మీది వలయాల దగ్గర పెద్ద చర్చ. బ్రిటిష్ వాళ్ల వలయం మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. జపాన్ విమానాల గుర్తు ఎర్ర సూర్యుడు. గాల్లో అరక్షణంలో ఎర్రగా కనిపిస్తే చాలు, తుపాకీ పేలుతుంది. అందుకని ఇక్కడి యుద్ధరంగంలో ఆ ఎరుపు తీసేశారు, ముదురు నీలం మధ్యలో లేత నీలం మిగిలింది. అమెరికా వాళ్లు కూడా 1942 మేలో తమ నక్షత్రం మధ్య ఎర్ర చుక్క తీసేశారు. ఆ ఎర్ర సూర్యుడు మన తీరానికి కొత్త కాదు, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది ఆ గుర్తున్న విమానాలే. మేస్త్రీ వలయం చూసి, "మధ్యలో బొట్టు లేకపోతే బోసిగా ఉంది గురువుగారూ, చిన్న ఎర్ర చుక్క పెట్టేద్దాం, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ససేమిరా అన్నాను.

హరికేన్ వెనక సగం అసలు రేకే కాదు. లోపల ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద చెక్క బద్దలు, పైన నార గుడ్డ. ఆ గుడ్డకి డోప్ అనే ద్రవం పూస్తే ఆరేకొద్దీ బిగుసుకుపోయి చర్మంలా అవుతుంది. నా బొమ్మకి కూడా మా రేకు మేస్త్రీ అక్కడ సన్నటి గ్లాస్కో గుడ్డ అంటించాడు. గుడ్డకి స్ప్రే గన్‌తో రంగు కొట్టడం షాపు వాళ్లకి ఇదే మొదటిసారి. భయపడి పల్చగా, పొర పొరకి ఆరబెట్టి కొట్టారు. ఆ భయమే మేలు చేసింది, కింద బద్దల గీతలు ఒక్కొక్కటి తేలి కనిపిస్తున్నాయి. రెండు రంగులు కలిసే అంచుకి కూడా మంచి ఉపాయం వేశారు. టేపు గట్టిగా అంటిస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. పేపర్‌ని చుట్టి, అంచు ఒంటికి తగలకుండా కాస్త లేపి కొడితే రంగు పక్కకి పలచగా జారి, కలిసీ కలవనట్టు వచ్చింది. లారీ డోర్ల మీద సూర్యాస్తమయాలు వేసే చేతులు మరి.

చెడిందల్లా రేకు మీద, మ్యాట్ దగ్గర. అల్యూమినియానికి ముందు ఎచ్ ప్రైమర్ (రంగు లోహాన్ని పట్టుకునేలా చేసే పూత) కొట్టాలని వాళ్లకి తెలుసు, కొట్టారు. గోరుతో గీసి చూశాను, రంగు ఊడలేదు. ఆ తర్వాత మొదటిసారి ఇచ్చినప్పుడు హరికేన్ కొత్త బండిలా నిగనిగలాడుతోంది. మ్యాట్ అన్నాను కదా అంటే, "కొంచెం షైనింగ్ ఉంటేనే పని చేసినట్టుంటది" అన్నాడు. వాళ్ల తప్పు పూర్తిగా కాదు, ఆటోనగర్‌లో డబ్బులిచ్చేది నిగారింపుకే. రెండోసారి మ్యాట్ క్లియర్ కొట్టారు. మ్యాట్‌తో చిక్కేంటంటే, అందులో మెరుపు చంపే పొడి ఉంటుంది, డబ్బా బాగా కలపాలి, గన్ ఒకే దూరంలో, ఒకే వేగంతో పోవాలి. ఎక్కడైనా తడి ఎక్కువ పడితే అక్కడ మెరుపు తేడా. నిగనిగలాడే రంగులో తప్పుంటే పేపర్ పట్టి పాలిష్ చేసి కప్పేయొచ్చు. మ్యాట్‌ని రుద్దితే ఇంకా మెరుస్తుంది, ఆ భాగమంతా మళ్లీ కొట్టాల్సిందే. నా ఎడమ రెక్క మొదట్లో అరచేతి వెడల్పు పట్టీ ఒకటి పక్క నుంచి చూస్తే మెరుస్తూనే ఉంది. పైగా పక్కనే లారీ బాడీకి గ్రైండింగ్ నడుస్తుంటే తలుపు తెరిచే కొట్టారు, కుడి రెక్క మీద నలకలు చిక్కుకున్నాయి. దుమ్ము పడకుండా రంగు కొట్టే బూత్ ఉంది, కానీ అందులో ట్రావెల్స్ బస్సు ఉంది. మూడోసారి కొడతామన్నారు, నాకే ఓపిక లేక తెచ్చేసుకున్నాను.

మస్టాంగ్ లోహం మీద క్లియర్ వద్దని చెప్పింది మేస్త్రీయే. క్లియర్ కొడితే ప్లాస్టిక్ పూత పూసినట్టు ఉంటుంది, కొన్నాళ్లకి పసుపు తిరుగుతుంది, ఒక మూల లేచిందంటే పొరలు పొరలుగా వస్తుంది. వట్టిగా వదిలి వ్యాక్స్ పట్టించుకోమన్నాడు. వర్షాకాలం గడిచింది. ముట్టుకోని చోట బాగానే ఉంది, చుట్టాలొచ్చి వేళ్లు పెట్టిన చోట మాత్రం చెమట మరక మసకగా నిలిచింది. గుడ్డ చేతి తొడుగులు పక్కన పెట్టాను, ఎవరూ వేసుకోరు.

ఖర్చు: రెండింటికీ కలిపి బఫింగ్ 2,500, పెయింట్ 6,000, చారల ఆర్టిస్టుకి విడిగా 500. ఆ ఐదువందల్లో సగం న్యాయంగా కుర్రాడిది, విడిగా ఇచ్చాను. బిల్లు అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. టైము విషయంలో చెప్పిన మాట నిలబడదు. ముఖ్యంగా దసరా ముందు వెళ్లకండి. ఆయుధపూజకి కొత్త రంగుతో బండి నిలబెట్టాలని లారీ ఓనర్లంతా క్యూలో ఉంటారు, మీ బొమ్మ మూలకి పోతుంది. నాది అలాగే పోయింది, దాని మీద ఎవరో టీ గ్లాసు కూడా పెట్టారు.

బైక్ ట్యాంకు, పాత స్కూటర్ సైడ్ డోములు, ఇత్తడి దీపస్తంభాలు, లోహం ఏదైనా సరే మెరుపు కావాలంటే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. మ్యాట్ పని అయితే బూత్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, దగ్గర నిలబడి కొట్టించుకోండి. పాత విమానం ఒంటి రేకు నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో మన నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంది, 2017 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. దాని పొట్ట కింద నిలబడి రివెట్ల వరసలు చూశాక ఈ షాపుకి వెళితే, ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

నా తర్వాతి పని తూఫానీ, 1953లో మన దళంలోకి వచ్చిన ఫ్రెంచి జెట్. అదంతా లోహపు మెరుపే, మ్యాట్ గొడవ లేదు, కాబట్టి మళ్లీ ఇక్కడికే. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా భోజనాలు, కునుకు. ఆ టైములో వెళితే షట్టర్ కొట్టినా లేవరు.